గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో సుడి కడుతున్నప్పుడు ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి

అట్లాంటిక్‌లో హరికేన్ సీజన్ జూన్ 1న మొదలై నవంబరు 30న ముగుస్తుంది. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా జోరెక్కువ, సెప్టెంబరు 10 ప్రాంతంలో మరీ ఎక్కువ. ఈ ఆరు నెలలూ అమెరికాలో హ్యూస్టన్, న్యూ ఆర్లీన్స్, టాంపా, ఓర్లాండో వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏదో ఒక రంగుల బొమ్మ తిరుగుతూనే ఉంటుంది. వాటిలో చాలావాటిని చూడకపోయినా నష్టం లేదు. తప్పక చూడాల్సినవి కొన్నే. వాటికి వేళలున్నాయి, ఒక వరసా ఉంది.

"తుఫాను మా ఊరికి వస్తుందా రాదా" అన్న ప్రశ్నకు చాలాసార్లు ఆఖరి రోజు దాకా జవాబు దొరకదు. అందుకని మీరు వెతకాల్సింది ఇంకొకటి: గంటకు 39 మైళ్ల గాలి మీ ఇంటికి ఎంత ముందుగా చేరే అవకాశముంది? ఆ గాలి మొదలయ్యాక నిచ్చెన ఎక్కలేరు, కిటికీలకు ప్లైవుడ్ కొట్టలేరు, వంతెనల మీద కారు నడపలేరు. దీన్ని ఇక్కడ "గాలి గడియ" అందాం. దాని నుంచి వెనక్కి లెక్కేసుకుంటే ఏ పని ఎప్పటికి అయిపోవాలో తేలుతుంది.

మన మాటలకూ అక్కడి మాటలకూ ఉన్న లంకె కూడా తెలిసి ఉండాలి. మన అల్పపీడనం స్థాయిని వాళ్లు డిస్టర్బెన్స్ అంటారు. వాయుగుండం దాదాపు ట్రాపికల్ డిప్రెషన్. గాలి గంటకు 39 మైళ్లు, అంటే 63 కిలోమీటర్లు దాటితే ట్రాపికల్ స్టార్మ్, పేరు పెట్టేదీ అప్పుడే. మన వాతావరణశాఖ లెక్కలో ఇది తుఫాను. 74 మైళ్లు దాటితే హరికేన్, అంటే మన అతి తీవ్ర తుఫానుకు సమానం. మన శాఖ గాలి వేగాన్ని మూడు నిమిషాల సగటుతో, వాళ్లు ఒక నిమిషం సగటుతో చెబుతారు కాబట్టి వాళ్ల అంకె కాస్త ఎక్కువ కనిపిస్తుంది. కృష్ణపట్నంలోనో, కాకినాడలోనో ఎగరేసే మూడో నంబరు, ఏడో నంబరు ప్రమాద హెచ్చరికల లాంటివి అక్కడ లేవు. వాచ్, వార్నింగ్ అని రెండే ఉంటాయి.

సీజన్‌కు ముందు: మీ ఇంటి లెక్కలు

ఇవి మే నెలలోనే తేల్చుకోవాలి. సుడి పుట్టాక వీటికి టైముండదు.

ముందుగా, ఇంటి ఎవాక్యుయేషన్ జోన్ కనుక్కోండి. ఫ్లోరిడాలో ఇవి ఎ నుంచి మొదలయ్యే అక్షరాలతో ఉంటాయి, ఎ వాళ్లు ముందు కదలాలి. హ్యూస్టన్ వైపు జిప్ కోడ్‌ను బట్టి కోస్టల్, ఎ, బి, సి అని విభజించారు. కౌంటీ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ సైటులో ఇంటి చిరునామా కొడితే తెలుస్తుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇల్లు కొన్నప్పుడు బ్యాంకు కాగితాల్లో కనిపించిన ఫ్లడ్ జోన్ వేరు, ఎవాక్యుయేషన్ జోన్ వేరు. మొదటిది ఇన్సూరెన్స్ కోసం గీసిన వరద పటం. రెండోది ఉప్పెన వస్తే ఎవరిని ఖాళీ చేయించాలన్న లెక్క. "మాది ఎక్స్ జోన్, మాకేం కాదు" అని టాంపా బే (ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డున కూర్చున్నవాళ్ల ఇల్లు ఎవాక్యుయేషన్ జోన్ ఎ లో ఉండొచ్చు. వరద పటంలో ఎక్స్ అంటే ముప్పు తక్కువనే, వరద రాదని కాదు. 2017లో హార్వే తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్‌లో మునిగిన ఇళ్లలో చాలా భాగం పటంలోని వంద సంవత్సరాల వరద (ఏ ఏడైనా వందలో ఒక వంతు అవకాశమున్న వరద) గీతకు బయట ఉన్నవే.

మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టం ఇవ్వదు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ కొత్తగా తీసుకుంటే, సాధారణంగా 30 రోజులు ఆగాకే అమల్లోకి వస్తుంది. గల్ఫ్‌లో సుడి కనిపించాక కట్టిన ప్రీమియం ఆ తుఫానుకు అక్కరకు రాదు.

చివరగా, ఇంటికి దగ్గర్లోని వాగు పేరు, దాని గేజ్ (నీటిమట్టం కొలిచే సాధనం) ఎక్కడుందో రాసి పెట్టుకోండి. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీకి సొంత ఫ్లడ్ వార్నింగ్ గేజ్‌ల జాలం ఉంది. వర్షం ఎంత పడిందో, బయూలో (అక్కడి వాగుల పేరు) నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో నిమిషాల తేడాతో చూపిస్తుంది. మామూలు రోజున ఆ గేజ్ ఎంత చూపిస్తుందో ఒకసారి చూసి ఉంచుకుంటే, వానరోజు అంకె ఎంత పెరిగిందో అర్థమవుతుంది.

రోజూ ఒక్క నిమిషం: ఏడు రోజుల అవుట్‌లుక్

మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ సైటు తెరిస్తే మొదట కనిపించేది ఈ పటమే. తూర్పు టైము ప్రకారం రాత్రి 2, పొద్దున 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 గంటలకు మారుతుంది. టెక్సస్‌లో ఒక గంట తక్కువ లెక్కేసుకోండి. పొద్దున కాఫీతో ఒకసారి చూస్తే చాలు.

పటంలో పసుపు అంటే ఏడు రోజుల్లో వాయుగుండంగా మారే అవకాశం 40 శాతం కంటే తక్కువ, నారింజ 40 నుంచి 60, ఎరుపు 60 పైన. ఇంటు గుర్తు సుడి ఇప్పుడున్న చోటు. రంగు పూసిన ప్రాంతం అది ఎక్కడ పుట్టవచ్చో చెబుతుంది. ఆ రంగు మీ ఊరిని తాకిందని తుఫాను మీ మీదికి వస్తున్నట్టు కాదు, తాకలేదని మీరు తప్పించుకున్నట్టూ కాదు. శాతం కూడా పుట్టుకకే. 20 శాతం దగ్గరే ఆగిపోయి, పేరైనా పెట్టించుకోని సుడి రెండు రోజులు ఊరి మీద కూర్చుని వరద తేగలదు.

నెలను బట్టి చూపు మార్చండి. జూన్‌లో గల్ఫ్, పశ్చిమ కరీబియన్ మీద కన్నుంచాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆఫ్రికా నుంచి కేప్ వర్డ్ దీవుల మీదుగా బయల్దేరే గాలి అలలు పెద్దవి, కానీ దూరం ఎక్కువ కాబట్టి వారం పైనే వ్యవధి ఇస్తాయి. అక్టోబరులో మళ్లీ పశ్చిమ కరీబియన్ నుంచి ఫ్లోరిడా వైపు. అన్నిటికంటే కంగారు పెట్టేవి గల్ఫ్‌లోనే పుట్టేవి. 2007 సెప్టెంబరు 12 పొద్దున వాయుగుండంగా మొదటి బులెటిన్ వచ్చిన హంబర్టో, ఆ అర్ధరాత్రి దాటాక టెక్సస్‌లోని హై ఐలండ్ దగ్గర హరికేన్‌గా తీరం దాటింది. ఒక్క రోజు కూడా దొరకలేదు. అందుకే గల్ఫ్ లోపల పసుపు రంగు కనిపించినా సరే, ఆ రోజు నుంచి రెండు పూటలా చూడండి.

ఇన్వెస్ట్ దశ: ఇక్కడ ఓపిక కావాలి

అనుమానం బలపడితే ఆ సుడిని ఇన్వెస్ట్ అని పిలిచి, 90 నుంచి 99 లోపు ఒక నంబరు ఇస్తారు. 93ఎల్ అంటే అట్లాంటిక్‌లో గమనిస్తున్న ఒక సుడి, అంతే. 99 అయ్యాక మళ్లీ 90 నుంచి మొదలవుతుంది, కాబట్టి పోయిన నెల 93ఎల్ వేరు, ఈ వారం 93ఎల్ వేరు. పాత బొమ్మ మళ్లీ తిరగడానికి ఇదొక కారణం. బొమ్మ రాగానే మూలన ఉన్న తేదీ, టైము చూడటం అలవాటు చేసుకోండి. అందులో 12జెడ్ అని ఉంటే గ్రీన్‌విచ్ టైము: వేసవిలో టాంపాలో పొద్దున 8, హ్యూస్టన్‌లో 7.

నంబరు పడగానే రంగురంగుల దారాల బొమ్మ మొదలవుతుంది. మోడళ్లు, అంటే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు, ఒక్కోటీ ఒక్కో దారి గీస్తాయి. ఈ దశలో ఆ దారాలను నమ్మొద్దు. ఇంకా కేంద్రమే ఏర్పడని సుడికి బయల్దేరే చోటు ఏదని మోడల్‌కు చెబుతాం? కేంద్రం వంద మైళ్లు ఉత్తరాన కట్టినా, దక్షిణాన కట్టినా వారం తర్వాత లూసియానాకు రావాల్సింది ఫ్లోరిడాకు పోతుంది. పైగా ఆ దారాల్లో అన్నీ మోడళ్లు కావు. ఎక్స్‌టీఆర్‌పీ అన్నది ఇప్పుడు పోతున్న దిక్కులోనే గీసిన సూటి గీత. క్లిప్పర్ అన్నది పాత తుఫానుల నడకను బట్టి వేసిన సగటు. మిగతా మోడళ్లు ఎంత మెరుగో కొలవడానికి వాటిని ఉంచుతారు. బొమ్మలో బయటికి పొడుచుకొచ్చి భయపెట్టే దారం చాలాసార్లు వీటిలోదే.

అమెరికన్ మోడల్ జీఎఫ్‌ఎస్‌కు ఒక పాత అలవాటుంది. సీజన్ మొదట్లో పది, పన్నెండు రోజుల తర్వాత పశ్చిమ కరీబియన్‌లో పెద్ద హరికేన్ పుట్టి గల్ఫ్‌లోకి వస్తున్నట్టు చూపించి, ఆరు గంటల తర్వాతి రన్‌లో, అంటే మళ్లీ నడిపినప్పుడు, తీసేస్తుంది. జూన్‌లో గ్రూపుల్లో తిరిగే భయానకమైన బొమ్మలు ఎక్కువగా ఇవే. మోడల్ చూడాలనిపిస్తే ఒక్క రన్ కాకుండా ఎన్సెంబుల్ చూడండి. అదే మోడల్‌ను కొద్దికొద్ది తేడాలతో ముప్పై, యాభై సార్లు నడిపితే వచ్చే గీతలవి. యూరోపియన్ మోడల్‌లో ఇలాంటివి 51. అందులో సగానికి పైగా ఒకే తీరం వైపు పోతూ, తర్వాతి రెండు మూడు రన్‌లలోనూ అలాగే ఉంటే అప్పుడు లెక్కలోకి తీసుకోవచ్చు.

ఇంతకంటే మీ కళ్లకు పనికొచ్చేది ఉపగ్రహ చిత్రం. నాలుగు విషయాలు చూడండి.

సముద్రం వేడి 26.5 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండాలి. వేసవిలో గల్ఫ్‌లో ఇది ఎప్పుడూ ఉంటుంది కాబట్టి మిగతావే అసలు తేల్చేవి.

పైగాలికీ కిందిగాలికీ తేడా, అంటే షియర్. కింద మేఘాల సుడి ఒకచోట బట్టబయలై, పెద్ద ఉరుము మేఘాలన్నీ ఒక పక్కకు నెట్టుకుపోతుంటే షియర్ కోస్తున్నట్టు. అలా ఉన్నంతసేపు బలపడటం కష్టం.

పొడిగాలి. వాటర్ వేపర్ చిత్రంలో గోధుమ, నారింజ ఛాయలు సుడిలోకి చొచ్చుకొస్తుంటే, సహారా దుమ్ము వెంట వచ్చిన పొడిగాలి దాన్ని పీలుస్తున్నట్టు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యం: సుడి మూసుకుందా? పగటిపూట విజిబుల్ లూప్‌లో (మామూలు వెలుగులో తీసిన చిత్రాల వరస) కింది చిన్న మేఘాల నడక చూడండి. ఆ ప్రాంతంలో గాలి మామూలుగా తూర్పు నుంచి వీస్తుంది. సుడికి దక్షిణం వైపున చిన్న మేఘాలు అందుకు ఎదురుగా, పడమర నుంచి తూర్పుకు పోతూ కనిపిస్తే సుడి చుట్టు తిరగడం పూర్తయినట్టే. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్‌లో ఎర్రగా, నల్లగా మేఘం ఉబ్బితే "ఒక్కసారిగా బలపడింది" అని చాలామంది అనుకుంటారు. కింద సుడి లేకుండా పైన మేఘం ఉబ్బడం ఉరుముల వాన మాత్రమే, పొద్దున్నకు చెదిరిపోవచ్చు.

తీర్పు చెప్పేది విమానం. మిసిసిపీలోని బిలాక్సి దగ్గర కీస్లర్ స్థావరం నుంచి వైమానిక దళం విమానాలు, ఫ్లోరిడాలోని లేక్‌లాండ్ నుంచి నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) విమానాలు సుడిలోకే దూరి, పరికరాలు జారవిడిచి పీడనం, గాలి కొలుస్తాయి. ఆ కొలతలు మోడళ్లలోకి వెళ్లాక వచ్చే రన్ నుంచి దారాలు దగ్గరవుతాయి. ప్రయాణం వాయిదా వేసుకోవాలా అన్నంతటి నిర్ణయాలను విమానం వెళ్లొచ్చేదాకా ఆపగలిగితే ఆపండి.

బులెటిన్లు మొదలయ్యాక: చదివే వరస

వాయుగుండం ఏర్పడితే, లేదా ఏర్పడకముందే తీరానికి ముప్పుందనిపిస్తే పొటెన్షియల్ ట్రాపికల్ సైక్లోన్ పేరుతో, పూర్తి బులెటిన్లు మొదలవుతాయి. తూర్పు టైము 5, 11, 5, 11 గంటలకు. టెక్సస్‌లో 4, 10, 4, 10. తీరానికి వాచ్‌గానీ వార్నింగ్‌గానీ పెట్టాక మధ్యలో ఇంకో చిన్న బులెటిన్ వస్తుంది. ఈ వేళల మధ్య గంట గంటకూ ఫోను చూసినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

అందరూ ముందు చూసేది కోన్. మీరు దాన్ని ఆఖర్న చూడండి. కోన్ చెప్పేది తుఫాను కేంద్రం ఎటు పోవచ్చన్నదే, అదీ గడిచిన ఐదేళ్ల పొరపాట్లలో మూడింట రెండు వంతులు ఇమిడేలా గీసిన హద్దు. అంటే మూడింట ఒక వంతు సార్లు కేంద్రం ఆ హద్దు దాటి పోతుంది. ఐదో రోజు దగ్గర ఆ వలయం వ్యాసార్ధం 200 మైళ్ల పైనే. తుఫాను ఎంత పెద్దదో, వాన ఎంతదూరం పడుతుందో కోన్ చెప్పదు. 2022లో ఇయాన్ అప్పుడు అందరి కళ్లూ కోన్ నడిమి గీత మీద, టాంపా మీద ఉన్నాయి. సెప్టెంబరు 28న అది కోన్ అంచువైపు ఉన్న లీ కౌంటీలో, కాయో కోస్టా దగ్గర గంటకు 150 మైళ్ల గాలితో తీరం దాటింది. ఫోర్ట్ మైయర్స్ బీచ్‌ను ఉప్పెన తుడిచిపెట్టింది.

కోన్ కంటే ముందు చూడాల్సినవి:

1. గాలి రాక పటం. "ఎర్లియెస్ట్ రీజనబుల్ అరైవల్ టైమ్" పేరుతో ఉంటుంది. మీ ఊరి మీది గీత దగ్గర రాసిన టైమే మీ గాలి గడియ. అంతకంటే ముందే గాలి వచ్చే అవకాశం పదిలో ఒక వంతు మాత్రమే. ప్రతి బులెటిన్‌కూ ఇది మారుతుంది, రాసి పెట్టుకుంటూ పోండి. ఆ టైము ఇంకా ముందుగా మారుతోందంటే తుఫాను వేగం పుంజుకుంటూ ఉండొచ్చు.

2. ఉప్పెన పటం. నేల మీద ఎన్ని అడుగుల నీళ్లు నిలవవచ్చో చూపిస్తుంది. తీరానికి దూరంగా ఉన్నా, ఉప్పుటేరులూ బేలూ లోపలికి చొచ్చుకొచ్చిన ఊళ్లలో ఉంటే చూడాలి.

3. వాన. వెదర్ ప్రిడిక్షన్ సెంటర్ ఇచ్చే ఎక్సెసివ్ రెయిన్‌ఫాల్ అవుట్‌లుక్‌లో మార్జినల్, స్లైట్, మోడరేట్, హై అని నాలుగు మెట్లు. హై అరుదుగా పెడతారు. పెట్టిన రోజు ఆఫీసుకు వెళ్లొద్దు, పిల్లల్ని బయటికి పంపొద్దు.

4. డిస్కషన్. ఫోర్‌కాస్టర్ రాసిన ఒక పేజీ. ముందు భాగం సాంకేతికం, కష్టంగా ఉంటే వదిలేయండి. కింద "కీ మెసేజెస్" మాత్రం ప్రతి పదమూ చదవండి. నమ్మకం తక్కువగా ఉందని వాళ్లే రాసిన రోజున మీరు కూడా రెండు దారులకూ సిద్ధపడి ఉండాలి.

వాచ్ అంటే ఆ పరిస్థితులు రావచ్చు, వార్నింగ్ అంటే వస్తాయని అంచనా. వాచ్‌ను గాలి గడియకు దాదాపు 48 గంటల ముందు, వార్నింగ్‌ను 36 గంటల ముందు పెట్టడం వాళ్ల లక్ష్యం. కేంద్రం తీరం దాటడానికి 48 గంటల ముందని పొరపాటు పడొద్దు. గాలి దానికి చాలాముందే వస్తుంది.

హరికేన్‌కు 1 నుంచి 5 దాకా ఇచ్చే కేటగిరీ అంకె గాలికి మాత్రమే. 2008లో ఐక్ కేటగిరీ 2గా గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది, బొలివార్ ద్వీపకల్పం మీద 15 నుంచి 20 అడుగుల ఉప్పెన వచ్చింది. 2001లో ఆలిసన్ హరికేన్ కానేలేదు, అయినా హ్యూస్టన్‌ను ముంచింది. 2024 జులై 8న బెరిల్ మాటగోర్డా దగ్గర కేటగిరీ 1గా వచ్చి, హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోగొట్టింది, చాలా ఇళ్లకు మండుటెండల్లో రోజుల తరబడి రాలేదు. "కేటగిరీ ఒకటేగా" అన్న మాట వినబడితే ఈ మూడు పేర్లూ గుర్తు చేయండి.

బలం అంచనాలోనూ జారుడు ఉంది. 24 గంటల్లో గాలి 35 మైళ్లు పెరిగితే రాపిడ్ ఇంటెన్సిఫికేషన్ అంటారు. గల్ఫ్‌లో ఇది తరచూ తీరానికి ముందు రోజే జరుగుతుంది. హార్వే మెక్సికోలోని యుకటాన్ దాటేలోపే ముక్కలైపోయింది. ఆ శకలం మళ్లీ గల్ఫ్‌లో కట్టి, ఆగస్టు 23 పొద్దున వాయుగుండమై, 25 రాత్రికి కేటగిరీ 4గా రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. అందుకని అంచనాలో ఉన్న కేటగిరీకి ఒకటి కలిపి సిద్ధపడండి. చెదిరిపోయిన సుడినైనా వేడినీళ్ల మీదికి వస్తుంటే అవుట్‌లుక్‌లోంచి పోయేదాకా వదలొద్దు.

మీరు ఏ పక్కనున్నారు

ఉత్తరార్ధగోళంలో సుడి గాలి అపసవ్యంగా తిరుగుతుంది. తుఫాను పోయే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి వైపు గాలి, ఉప్పెన, టోర్నడోలు ఎక్కువ. దివిసీమలోనైనా ఫ్లోరిడాలోనైనా సూత్రం ఒకటే.

టాంపా బేకు ఇది చావుబతుకుల లెక్క. కేంద్రం టాంపాకు దక్షిణంగా తీరం దాటితే గాలి నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఇయాన్‌లోనూ, 2024 అక్టోబరు 9న సియెస్టా కీ దగ్గర తీరం దాటిన మిల్టన్‌లోనూ బేలో నీళ్లు వెనక్కిపోయి అడుగు కనిపించింది. కేంద్రం పడమరగా, ఉత్తరంగా పోతే గాలి సముద్రాన్ని బేలోకి తోస్తుంది. 2024 సెప్టెంబరు 26న హెలీన్ వంద మైళ్లకు పైగా దూరం నుంచి దాటిపోయినా బే ఒడ్డున ఆరేడు అడుగుల నీళ్లు నిలిచాయి. ఇరవై, ముప్పై మైళ్ల తేడాతో ఇటు అటవుతుంది, ఏ అంచనాకూ అంత కచ్చితత్వం లేదు. కాబట్టి ఎ, బి జోన్లవాళ్లు "దక్షిణంగా పోతుందట" అన్న మాట మీద ఇంట్లో ఉండిపోకూడదు. వెనక్కిపోయిన నీళ్లను చూడటానికి దిగడం మరీ ప్రమాదం, గాలి దిక్కు మారగానే తిరిగొస్తాయి.

హ్యూస్టన్‌కు పడమరగా, మాటగోర్డా వైపు తీరం దాటే తుఫానుకు ఊరు కుడిపక్కన పడుతుంది. బెరిల్ అలా వచ్చిందే.

గాలి గడియ నుంచి వెనక్కి

ఐదు రోజుల ముందు: మందులు తిరిగి నింపించుకోండి, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల బీపీ, షుగరు మందులు. పాస్‌పోర్టులు, వీసా కాగితాలైన ఐ-797, ఐ-94, విద్యార్థులైతే ఐ-20, ఇంటి పాలసీ, పుట్టిన సర్టిఫికెట్లు ఒక జిప్ కవరులో పెట్టండి, ఫోటోలు తీసి మెయిల్లో ఉంచండి. తడిసిన ఐ-797 మళ్లీ తెప్పించుకోవడం నెలల పని. కారులో పెట్రోలు సగానికి తగ్గనివ్వొద్దు. కరెంటు లేకపోతే కార్డులు పనిచేయవు, కొంత నగదు తీయండి.

మూడు రోజుల ముందు: నీళ్లు. మనిషికి రోజుకు ఒక గాలను చొప్పున నలుగురికి ఐదు రోజులకు 20 గాలన్లు. అర లీటరు సీసాలు 24 ఉండే కేసులు ఏడు కావాలి. ఎలక్ట్రిక్ స్టవ్ ఉన్న ఇంట్లో కరెంటు పోతే అన్నం కూడా వండుకోలేరు. అటుకులు, మరమరాలు, వేయించిన పల్లీలు, పప్పుల పొడి, చపాతీలు, పండ్లు, పిల్లలకు పాలపొడి ఉంచుకోండి. ఇప్పుడు కొత్తగా దోశ పిండి రుబ్బొద్దు. ఉన్నది వాడేయండి. తలుపు తీయని ఫ్రిజ్ నాలుగు గంటలే చల్లగా ఉంచుతుంది, నిండు ఫ్రీజరు 48 గంటలు, సగం నిండినది 24.

రెండు రోజుల ముందు: ఎవాక్యుయేషన్ జోన్‌లో ఉండి ఆదేశం వస్తే బయల్దేరండి, రాత్రి దాకా ఆగొద్దు. ఊరు విడవడం నీళ్లకు భయపడి. గాలికైతే ఎత్తున ఉన్న గట్టి ఇల్లు చాలు, మొబైల్ హోమ్ మాత్రం ఎక్కడున్నా విడవాలి. 2005లో రీటా ముందు హ్యూస్టన్ ప్రాంతం నుంచి 25 లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కారు. ఎండలో, ట్రాఫిక్‌లో, ప్రయాణ ప్రమాదాల్లోనే సుమారు వందమంది పోయారు. ఆదేశం లేని, తీరానికి దూరంగా ఉన్న కేటీ లాంటి హ్యూస్టన్ శివార్లలో ఉన్నవాళ్లు రోడ్డెక్కితే గాల్వెస్టన్ నుంచి రావాల్సినవాళ్ల దారి మూసినట్టే. వెళ్లేవాళ్లు కూడా మరీ దూరం వెళ్లనక్కర్లేదు. ఉప్పెన జోన్ దాటి, ఇరవై ముప్పై మైళ్లలో ఉన్న స్నేహితుల ఇల్లు చాలాసార్లు సరిపోతుంది.

ఒక రోజు ముందు: పెరట్లో తులసి కుండీ నుంచి ట్రాంపొలిన్ దాకా ఎగిరేవన్నీ లోపలికి చేర్చండి. ఫోన్లు, పవర్ బ్యాంకులు నింపండి. బాత్ టబ్బులో నీళ్లు పట్టుకోండి, ఫ్లష్‌కు పనికొస్తాయి. వెదర్ బ్యాండ్ ఉన్న బ్యాటరీ రేడియో ఉంటే 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య నోవా వెదర్ రేడియో పట్టుకుని చూసుకోండి. సెల్ టవర్లు పోయినా అది పలుకుతుంది.

ఇండియాలో ఉన్న పెద్దవాళ్ల కంగారు కూడా ఈ పట్టికలో భాగమే. తూర్పు టైము ఉదయం 11, టెక్సస్‌లో 10 గంటల బులెటిన్ ఇండియాలో రాత్రి ఎనిమిదిన్నరకు పడుతుంది. రాత్రి 11 గంటలది అక్కడ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు. "రోజుకు రెండుసార్లు ఎనిమిదిన్నర దాటాక మేమే మెసేజ్ పెడతాం నాన్నా" అని ముందే చెప్పండి. టీవీలో చూసి ఉండబట్టలేక అర్ధరాత్రి చేసే ఫోన్లు తగ్గుతాయి, మీ బ్యాటరీ మిగులుతుంది.

గాలి మొదలయ్యాక

ఇప్పుడు మోడళ్లూ కోన్లూ మూసేయండి. మూడింటినే చూడాలి: రాడార్, వాగు గేజ్, ఫోనుకొచ్చే హెచ్చరికలు. రాడార్‌లో వానపట్టీ ఒకే దారిలో రైలు పెట్టెల్లా వరసగా మీ మీదుగా పోతుంటే గంటకు మూడు నాలుగు అంగుళాలు పడవచ్చు. హ్యూస్టన్‌లో డ్రైన్లు పట్టని వాననీళ్లు రోడ్ల మీద నిలవాలనే కట్టారు, కాబట్టి ఇల్లు బాగున్నా రోడ్డు మునుగుతుంది. పారే నీళ్లు 12 అంగుళాలుంటే చిన్న కారును, రెండడుగులుంటే చాలా బండ్లను మోసుకుపోతాయి. చీకట్లో లోతు తెలియదు.

ఎమర్జెన్సీ అలర్టులు ఆపొద్దు, నిద్రపోయేటప్పుడు కూడా. మిల్టన్ పడమటి తీరం చేరకముందే, అదే రోజు తూర్పు తీరాన సెయింట్ లూసీ కౌంటీలో టోర్నడోలు మనుషుల్ని చంపాయి. టోర్నడో వార్నింగ్ వస్తే కిటికీల్లేని లోపలి గదిలోకి, కింది అంతస్తులోకి వెళ్లండి.

గాలి ఒక్కసారిగా పడిపోతే తుఫాను కన్ను మీ మీదుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగా పోయింది. ఆ నిశ్శబ్దం చూసినవాళ్లకు తర్వాత ఎదురు దిక్కు నుంచి వచ్చిన గాలీ గుర్తుంటుంది. ఆ కాసేపట్లో బయటికి వెళ్లొద్దు.

తీరం దాటాక కూడా

టీవీ వాళ్లు కెమెరాలు సర్దుకున్నాక చాలామంది చూడటం మానేస్తారు. ఎక్కువ ప్రాణాలు పోయేది చాలాసార్లు అప్పుడే. హెలీన్ తీరం దాటిన మర్నాడు, వందల మైళ్ల లోపల, పశ్చిమ నార్త్ కరొలైనా కొండల్లో యాష్‌విల్ చుట్టూ వరద పోటెత్తింది. షార్లెట్, రాలీలో ఉండేవాళ్లు ఫ్లోరిడా తుఫానును తమది కాదనుకోకూడదు.

నదుల అంచనాలు నేషనల్ వెదర్ సర్వీస్ నీటి సైటులో ఉంటాయి. ప్రతి గేజ్‌కూ ఇప్పటి మట్టం, రాబోయే గరిష్ఠం, అది వచ్చే టైము గీతగా చూపిస్తారు. వాన ఆగాక కూడా ఆ గీత పైకే పోతుంటే సామాన్లు కిందికి దింపొద్దు. హ్యూస్టన్ పడమట ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల చుట్టుపక్కల ఇళ్లున్నవాళ్లు వాటి నీటిమట్టం విడిగా చూడాలి. హార్వేలో వాటి పైవైపు ఇళ్లు నీళ్లు ఎగదన్ని, కిందివైపు ఇళ్లు గేట్లు తెరవడంతో మునిగాయి.

జెనరేటర్ నడిపేవాళ్లు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ముఖం ఇంటి వైపు కాకుండా అవతలికి తిరిగి ఉండేలా పెట్టండి. గరాజ్‌లో తలుపు తెరిచి పెట్టినా సరే, వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. పిల్లలు పడుకునే గదిలో దాని అలారం ఉందో లేదో చూడండి.

ఫోనుకు సిగ్నల్ రాగానే మళ్లీ ఏడు రోజుల అవుట్‌లుక్ తెరవండి. 2024లో హెలీన్‌కూ మిల్టన్‌కూ మధ్య ఉన్నది 13 రోజులు. హెలీన్ ముంచిన ఇళ్ల నుంచి తీసి రోడ్డు పక్కన పోసిన పరుపులు, చెక్కలు, కార్పెట్లు మిల్టన్ గాలికి ఎగిరిపడతాయేమోనని టాంపా బే అంతా రాత్రింబవళ్లు ఎత్తిపోయాల్సి వచ్చింది. మీ వాకిట్లో చెత్తను ముందు కట్టకట్టి కర్బ్ దగ్గర పెట్టండి. వాడేసిన నీళ్ల కేసులకూ బ్యాటరీలకూ బదులు కొత్తవి దుకాణాలు తెరిచిన రోజే తెచ్చి, పాత చోటనే ఉంచండి.